టెర్రరిస్టులతో మున్సిపాలిటీకేం పని అని అడిగిన ఒక నాన్నగారికి

ఖమ్మం నుంచి ఒకాయన అడిగారు: "మా పాప బీటెక్ సివిల్ థర్డ్ ఇయర్. 2025 మే 7న హైదరాబాద్‌లో సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేశారు కదా, అప్పట్నుంచీ డిజాస్టర్ మేనేజ్‌మెంట్ చేస్తానంటోంది. బాంబు దాడి జరిగితే ఊరు ఎలా తట్టుకోవాలో ప్లాన్ చేసే ఉద్యోగం కావాలట. అది పోలీసోళ్ళ పని కదండీ, ఆడపిల్లకి ఇదేం పిచ్చి?"

సర్, పట్టుకోవడం పోలీసుల పనే, దానికి 2007 నుంచి ఆక్టోపస్ అని టెర్రరిస్టుల కోసమే ఒక పోలీసు దళం ఉంది. కానీ పేలిన తర్వాత మొదటి గంట ఉంటది చూడండి, ఫైరింజన్ ఏ రోడ్డున రావాలి, కరెంట్ ఎవరు ఆపాలి, ఏ హాస్పిటల్లో ఎన్ని బెడ్లు ఖాళీ, రక్తం ఎక్కడుంది, అదంతా కలెక్టరు, మున్సిపాలిటీ, ఫైర్, హెల్త్ వాళ్ళ నెత్తినే పడుద్ది. 2005 డిజాస్టర్ మేనేజ్‌మెంట్ చట్టం ప్రకారం జిల్లా అథారిటీకి కలెక్టరే చైర్మన్, ఎస్పీ, డీఎంహెచ్‌ఓ మెంబర్లు, జిల్లాకో ప్లాన్ రాసి పెట్టుకోవాలి. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ళ మీద పెట్టిన బాంబులు పేలాయి, గుర్తుందా, అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో పబ్లిక్ సేఫ్టీ చట్టం వచ్చింది, వంద మంది పోగయ్యే చోటల్లా సీసీ కెమెరాలు తప్పనిసరి అన్నారు. ఊరి లెవెల్లో జాగ్రత్త అంటే ఇట్లాంటివే, తుపాకులు కాదు.

నేనొకసారి ఒక బస్టాండులో మాక్ డ్రిల్ దగ్గరుండి చూశా. పౌడర్ పొగ, రంగు రక్తం, అంతా బానే సెట్ చేశారు. అంబులెన్స్ టైముకే వచ్చింది, కానీ గేటు ముందు ఆటోలు అడ్డం, డ్రైవర్లు డ్రిల్ చూడ్డానికి లోపలికెళ్ళారు! ఒకావిడ చేతిలో అట్ట పెట్టుకుని నిమిషాలు రాసుకుంటోంది, ఆరు నిమిషాలు పోయినయ్. సాయంత్రం మీటింగ్‌లో ఆవిడ చెప్పింది ఒక్కటే, ఆటో స్టాండ్ అవతలికి జరపండి అని. మీ పాప అడిగే ఉద్యోగం అదే సర్. రోజుకి ఎంతమంది వస్తారు, గేట్లెన్ని, ఏ గోడ కూలితే దారి మూసుకుపోద్ది, ఇవి లెక్కేయడానికి సివిల్ చదివిన బుర్ర బాగా పనికొస్తది. పైగా అదే లెక్క తొక్కిసలాటకీ వరదకీ పనికొస్తది, 2015 పుష్కరాల్లో రాజమండ్రి ఘాట్ దగ్గర ఏమైందో చూశాం కదా, మళ్ళీ 2027లో పుష్కరాలు.

ఇక దారులు. "యాంటీ టెర్రర్ ప్లానర్" అని మున్సిపాలిటీలో పోస్టు ఉండదు, అలా చెప్పి ఫీజు గుంజే ఇన్‌స్టిట్యూట్ కనిపిస్తే దండం పెట్టి వచ్చేయండి. చదువుకైతే ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అదే టిస్‌లో డిజాస్టర్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ ఉంది, నాకైతే అదే ఫస్ట్ ఛాయిస్. గాంధీనగర్ దగ్గర రాష్ట్రీయ రక్షా యూనివర్సిటీ ఉంది, అది సెక్యూరిటీ వైపు ఎక్కువ. ఫైర్ ఇష్టమైతే నాగ్‌పూర్ నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ. సర్కారు కొలువే కావాలంటే గ్రూప్-1 రాసి డిప్యూటీ కలెక్టరో మున్సిపల్ కమిషనరో అవ్వాలి, లేదా మన పోలీస్ రిక్రూట్‌మెంట్ బోర్డు ఇచ్చే స్టేషన్ ఫైర్ ఆఫీసర్ పోస్టులు, అమ్మాయిలకి ఛాన్స్ ఉందో లేదో నోటిఫికేషన్‌లో చూసుకోండి, వాటికి ఫిజికల్ టెస్టులుంటాయి, ఇప్పట్నుంచే పరిగెత్తమనండి. గ్రూప్-1 నోటిఫికేషన్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, అందుకే దాన్నొక్కటే నమ్ముకోవద్దు. మెట్రోలు, ఎయిర్‌పోర్టులు, పెద్ద ఫ్యాక్టరీలు కూడా సేఫ్టీ వాళ్ళని తీసుకుంటాయి.

బీటెక్ మాత్రం మధ్యలో ఆపనివ్వొద్దు. ఈ సెలవుల్లో కేంద్ర ప్రభుత్వ డిజాస్టర్ మేనేజ్‌మెంట్ సంస్థ ఎన్‌ఐడీఎం ఆన్‌లైన్ కోర్సు ఒకటి చేయించండి. గన్నవరం దగ్గర కొండపావులూరులో వాళ్ళ సౌత్ క్యాంపస్ ఉంది, పక్కనే ఎన్‌డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ (విపత్తుల్లో జనాన్ని కాపాడే కేంద్ర దళం), మీకు మరీ దూరం కూడా కాదు. ఇంకో పని, మీ జిల్లా డిజాస్టర్ ప్లాన్ సంపాదించి అందులో ఉన్న ఫోన్ నంబర్లు ఎన్ని పనిచేస్తున్నాయో ఒక్కొక్కటే చేసి చూడమనండి. రెండ్రోజులు ఆ పని చేశాక కూడా ఇదే చదువుతానంటే అప్పుడు టిస్ అప్లికేషన్ గురించి మళ్ళీ మాట్లాడుకుందాం.