గిరినాగు కథ రాస్తున్న కుర్రాడికి

చిరంజీవికి,

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. కర్ణాటక పడమటి కనుమల్లోని అగుంబే వాన, వక్క తోటలు, ఆ పెంకుటింటి చీకటి బాగా పట్టుకున్నావు. గొడవంతా పాముతోనే, అదే నీ గిరినాగు, ఇంగ్లీషులో కింగ్ కోబ్రా. మొదటి పేజీలోనే "కాలయముడు" అన్నావు, "పగతో రగిలే కళ్లు" అన్నావు. లోకంలోని విషపు పాములన్నిటిలోకీ పొడుగైనది, పద్దెనిమిది అడుగుల దాకా పెరిగేది నీ చేతికి దొరికితే, దానికి సినిమా విలన్ మీసాలు అంటించావు. పాముపగ అన్న మాట మన నోళ్లలో ఎలాగూ ఉంది, ఉండనీ. నీ కథలో గిరినాగుకి ఆకలి ఉంటే చాలు.

ఆ ఆకలి కూడా మామూలుది కాదబ్బాయీ. అది ముఖ్యంగా పాముల్నే తింటుంది. జెర్రిపోతు, పింజర, నాగుపాము, ఏది దొరికితే అది. ఒక్కోసారి ఉడుము. ఇంటి చుట్టూ గింజలుంటే ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం జెర్రిపోతు వస్తుంది, జెర్రిపోతు జాడ పట్టుకుని ఇది వస్తుంది. వంటింట్లోనో కట్టెల కొట్టులోనో ప్రత్యక్షం కావడానికి కారణం చాలాసార్లు ఇంతే. నీ కథలో మాత్రం తాతగారు ఎప్పుడో చంపిన పాముకి జోడీ కాబట్టి వచ్చిందన్నావు. ఆ పేరా కొట్టేసి, గడప దగ్గర ఆగి నాలుక ఆడిస్తూ జెర్రిపోతు వెళ్లిన దారిని వెతుక్కుంటున్నట్టు రాసి చూడు. అప్పుడు పాఠకుడికి భయం దానంతటదే పుడుతుంది, నువ్వు భయపెట్టక్కర్లేదు.

విషం గురించి నీకు టెన్షన్ ఎక్కువైనట్టుంది, పేజీకోసారి గుర్తుచేశావు. దానికి విషం ముందు కూడు సంపాదించుకునే సాధనం. జెర్రిపోతుని కరిచి, వదలకుండా పట్టుకుని, అది సడలాక తల వైపు నుంచి మింగుతుంది. మనిషి దానికి తిండి కాదు, మనమీద విషం ఖర్చుపెట్టడం దండగ. అందుకే ముందు తప్పుకోవాలని చూస్తుంది. దారి లేకపోతే ఒంట్లో మూడో వంతు పైకి లేపి, సన్నటి పడగ విప్పి, బుస కన్నా బొంగురుగా గుర్రుమంటుంది. దూరం జరగమని చెప్పడమే అది. ఈ హెచ్చరికని దాడిగా రాయకు. గిరినాగు కరిచిన సంఘటనలు చాలా అరుదు.

ఇక నీ కథలో అస్సలు లేనిది, నన్నడిగితే కథంతా ఉండాల్సింది, గూడు. పాముల్లో ఇలా ఆకులు పోగేసి గూడు కట్టేది గిరినాగు ఒక్కటే. చేతుల్లేవు, కాళ్లు లేవు. ఆడపాము ఒంటిని కొడవలిలా వంచి, ఆ వంపులో ఎండుటాకుల్ని ఇరికించుకుని లాగుతుంది. వెదురాకు, రాలిన కొమ్మల చెత్త, ఏది అందితే అది. కుప్ప చేసి, మధ్యలో చోటు చేసుకుని 20 నుంచి 40 దాకా గుడ్లు పెడుతుంది. మళ్లీ ఆకులు కప్పి, చుట్టలతో అణిచి, దానిమీదే కాపలా కూర్చుంటుంది. రెండు మూడు నెలలు. ఆ రోజుల్లో తిండి ఉండదనే అనుకో. లోపల ఆకులు కుళ్లుతూ వెచ్చదనం ఇస్తుంటాయి. బయట అగుంబే వాన, ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా పడే చోటు. ఆ వానలో కూడా గుడ్లున్న చోటికి తడి దిగదు! పిల్లలు పైకొచ్చే వేళకు కాస్త ముందు తల్లి వెళ్లిపోతుంది. రెండు జానల పిల్లలు, నల్లటి ఒంటిమీద లేత పట్టీలు, పుట్టుకతోనే విషం. వాటిని చూసేవాళ్లెవరూ ఉండరు, చాలామటుకు బతకవు.

ఈ సీనుకి రెండు పేజీలు ఇవ్వు. "మాతృత్వం" అన్న మాట ఒక్కసారి కూడా వాడకు. లాగింది, అణిచింది, కూర్చుంది, వెళ్లిపోయింది అని ఊరుకో. అన్నట్టు, నీ పాము ఆషాఢం వానల్లో జతకట్టింది. పడమటి కనుమల్లో అది మార్చి, ఏప్రిల్ పని. గూడు వానలకు ముందే కడుతుంది, పిల్లలు జులై, ఆగస్టులో బయటపడతాయి. మగపాములు రెండూ కొట్టుకునే చోట కాటు కూడా తీసెయ్యి. అవి మెడలు పెనవేసుకుని ఎదుటిదాని తల నేలకి ఆనించాలని చూస్తాయి, కుస్తీ అన్నమాట.

నీ ముగింపులో హీరో పాముని గోనెసంచిలో వేసుకుని, జీపులో దూరపు అడవికి తీసుకెళ్లి వదిలాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పాముల పరిశోధకుడు రోములస్ విటేకర్ 2005లో అగుంబేలో పెట్టిన పరిశోధన కేంద్రం వాళ్లు 2008 నుంచి గిరినాగుల ఒంట్లో రేడియో ట్రాన్స్‌మిటర్ అమర్చి వాటి వెనక నడిచారు. సొంత చోట ఉన్న మగపాము తన ఇలాకాలోనే తిరిగింది. దూరం తీసుకెళ్లి వదిలిన మగపాము ఒకే దిక్కుగా పోతూనే ఉంది. దానికి తెలిసిన బొరియ లేదు, వేటకి తెలిసిన దారి లేదు. కాబట్టి నీ చప్పట్లు తొందరపాటే. దొరికిన చోటికి దగ్గర్లోనే వదలమంటారు ఆ పని తెలిసినవాళ్లు. దాన్ని ఊరివాళ్లు ఒప్పుకుంటారా అన్న తగువులో నీకు ఇంకో కథ ఉంది.

మన అనకాపల్లి జిల్లా మాడుగుల వైపు కూడా గిరినాగు ఉందని, కథని అక్కడికి మార్చనా అని అడిగావు. మార్చు, కానీ అగుంబే వివరాలన్నీ మూటగట్టి తేకు. 2024లో శాస్త్రవేత్తలు గిరినాగుని నాలుగు జాతులుగా విడదీశారు. పడమటి కనుమలది కాళింగ. మన తూర్పు కనుమలది హన్నా, ఉత్తరాది నుంచి థాయ్‌లాండ్ దాకా ఉన్న జాతి. అడవి వేరు, వాన వేరు. జీడిమామిడి తోటలో ఎండుటాకులు తొక్కుకుంటూ తిరిగే కూలీలని ముందు కలిసి మాట్లాడు.

చివరిది, ఆసుపత్రి. డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాడు, పది నిమిషాల్లో రోగి లేచి కూర్చుని కాఫీ అడిగాడు. మన దేశంలో దొరికే పాముకాటు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషంతో తయారైంది. గిరినాగు విషానికి దాన్ని నమ్ముకోలేం. దీనికి వేరే మందు థాయ్‌లాండ్‌లో చేస్తారు. ఊపిరి కండరాలు పనిచేయడం మానేస్తాయి కాబట్టి రోగిని వెంటిలేటర్ మీద నిలబెట్టుకోవాలి. కాఫీ కప్పు తీసేసి, వరండాలో కూర్చున్న వాళ్లావిడని ఆ రాత్రంతా రాయి. అక్కడ నీకు చెయ్యి తిరిగింది, ఆమె మాటల్లో తెలుస్తోంది.

ఈ మార్పులు చేసి పంపు. పత్రికకి ఇచ్చేముందు నేనోసారి చూస్తాను. కథ పేరు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం, "నాగ ప్రతీకారం" మాత్రం వద్దు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు