దివాణం పోయింది, తోట సంగతి చూడండి

ప్రశ్న: విజయనగరం జిల్లాలో మా ముత్తాతది మూడూళ్ల జమీ. 1996లో చిన్న తాతగారి కొడుకులు దివాణం అమ్మేశారు. నాన్న వెళ్లి గొడవపడి ఏడుస్తూ తిరిగొచ్చారు. కొన్నవారు టేకు స్తంభాలతో సహా పడగొట్టారు. ఇప్పుడు మామిడితోటలోనూ ప్లాట్ల రాళ్లు పాతుతున్నారు. పాత తేదీతో పారీకత్తు (కుటుంబ పంపకాల పత్రం) పుట్టిస్తానని ఒక బ్రోకర్ అంటున్నాడు. ఎస్టేటంతా తిరిగొస్తుందా? 2022 దాకా మామిడి కాపు గుత్త డబ్బు మాత్రం నాన్నే తీసుకున్నారు.

జవాబు: మూడూళ్ల మాట మర్చిపోండి. అవి 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతోనే పోయాయి. అయితే ఆ చట్టం 18వ సెక్షన్ ప్రకారం కేవలం ఎస్టేట్ కచేరీగా వాడిన భవనాలే ప్రభుత్వానికి చెందాయి. కాపురమున్న ఇల్లు సొంతదారులకే మిగిలింది. అంటే దివాణంలో మీకు వాటా ఉండేది.

దాన్ని పోగొట్టింది మీరు కన్నీళ్లతో రాసిన ఆ గొడవే. అమ్మకం, కొన్నవారి స్వాధీనం 1996లోనే నాన్నగారికి తెలుసని మీరే ఒప్పుకున్నారు. లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్ ఇచ్చే గడువు 12 ఏళ్లు. అది దాటితే 27వ సెక్షన్ కింద హక్కే పోతుంది. వీధిలో అరిస్తే గడువు ఆగదు, నోటీసు ఇచ్చినా ఆగదు. దావా వేయాలి. ఇంతమంది చదువుకున్నవాళ్లుండి ఒక్కరూ వకీలు గడప తొక్కలేదు!

తోట వేరు. ఉత్తరం చివర్లో మాటవరసకు రాశారు, 2022 దాకా మామిడి కాపు గుత్త డబ్బు నాన్నే తీసుకున్నారని. నాకు కావలసింది అదే, తోట అప్పటిదాకా మీ స్వాధీనంలో ఉందనడానికి అదే ఆధారం. గుత్త కాగితాలు, రసీదులు, పాస్‌బుక్ జమలు వెతకండి. గుత్తదారు బతికుంటే అతనే మీ మొదటి సాక్షి.

పాత స్టాంపు పేపరు మీద వెనకటి తేదీతో పారీకత్తు పుట్టిస్తానన్న బ్రోకర్ని గుమ్మం ఎక్కనివ్వకండి. అది ఫోర్జరీ. ఉన్న కేసు పోయి, మీ మీదే క్రిమినల్ కేసు పడుతుంది.

ముందు ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), 1996 దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీయండి. షెడ్యూల్లోని సర్వే నంబరు, హద్దులను ఎఫ్ఎంబీతో (సర్వే శాఖ కొలతల పటంతో) పోల్చండి. సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్లో (ఎస్టేట్ల రద్దు తర్వాత రాసిన భూమి రికార్డులో) తోట ఎవరి పేరున ఉందో చూడండి. తోట దస్తావేజులో లేకపోతే హక్కు ప్రకటనకు (డిక్లరేషన్), వాళ్లు తోట జోలికి రాకుండా ఆపే కోర్టు ఉత్తర్వుకు, అంటే శాశ్వత ఇంజంక్షన్‌కు, దావా వేయండి. ఉన్నా, అమ్మినవారి వాటా మేరకే చెల్లుతుందంటూ పార్టిషన్ సూట్ (పంపకాల దావా) వేయొచ్చు. మేనత్తలనూ పార్టీలుగా చేర్చండి.

రాళ్లు ఎప్పుడు పాతారో మీరు రాయలేదు. డిక్లరేషన్‌కు గడువు మూడేళ్లే. ఈ వారమే ఫొటోలు తీసి, పునాదులు లేవకముందే తాత్కాలిక ఇంజంక్షన్ అడగండి.