పడ్డ రోజే మళ్ళీ ఎగరేయకు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

నీ రిమోట్ కంట్రోల్ హెలికాప్టర్ పడిందని నిన్న నువ్వు ఫోన్ చేస్తే నాకు దిగులేమీ వేయలేదు. నేర్చుకునేటప్పుడు పడకుండా ఎవరికీ కుదరదు. కానీ "రేపు సాయంత్రానికి బ్లేడ్లు మార్చి ఎగరేస్తా" అన్నావే, అక్కడే నాకు భయం పట్టుకుంది. నేనూ మొదటిసారి పడ్డ రోజే బ్లేడ్లు మార్చి లేపాను. రోటర్ హెడ్‌లో స్పిండిల్, అంటే రెండు బ్లేడ్లనీ పట్టుకునే అడ్డకడ్డీ, వెంట్రుకవాసి వంగి ఉంది, నేను చూడలేదు. లేచీ లేవగానే వణుకు మొదలైంది. ఆ వణుకుకి తోకని నిలకడగా ఉంచే గైరో తికమకపడి తోక అటూ ఇటూ కొట్టుకుంది. మొదటి క్రాష్‌లో బతికిన సామాన్లన్నీ రెండోదాంట్లో పోయాయి.

అన్నిటికంటే ముందు బ్యాటరీ సంగతి చూడు. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీకి సొట్ట పడినా, కాస్త ఉబ్బినా దాన్ని ఇంక ఛార్జింగ్ పెట్టకు. పైకి బాగానే ఉన్నట్టు కనిపించినా కొంతసేపటి తర్వాత అంటుకోవచ్చు. ఇంట్లోకి తేకుండా బయట సిమెంటు గచ్చు మీద, చుట్టూ కాలేదేమీ లేనిచోట పెట్టి కనిపెట్టుకుని ఉండు.

ఇక మిషన్ విప్పు. మెయిన్ షాఫ్టు, స్పిండిల్ బయటికి తీసి, అద్దం మీద పెట్టి వేలితో మెల్లగా దొర్లించు. కళ్ళు అద్దం మట్టానికి దించి, వెనక లైటు ఉండేలా చూసుకో. షాఫ్టు కింద వెలుగు గీత సన్నగా కనిపించి మాయమవుతూ ఉంటే అది వంగినట్టే. సుత్తితో సరిచేద్దామని చూడకు, కొత్తది వెయ్యి. మెయిన్ గేరును చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పు, ఎక్కడైనా పట్టేసినా, పన్ను జారినా తెలిసిపోతుంది. సర్వోల (బ్లేడ్ల కోణం మార్చే చిన్న మోటార్లు) చేతుల్ని కూడా నిదానంగా కదిపి చూడు, లోపల గేరు అరిగితే టక్కుమని తగులుతుంది.

బ్లేడ్ల విషయంలో మాత్రం డబ్బు చూసుకోవద్దు నాన్నా. నీది 450 సైజు, 325 మిల్లీమీటర్ల బ్లేడ్లు. నిమిషానికి 2,500 చుట్లు తిరిగేటప్పుడు వాటి కొనలు గంటకు 300 కిలోమీటర్లు దాటి పోతుంటాయి. గోటికి తగిలీ తగలని పగులున్నా ఆ బ్లేడు వాడకు. మార్చేటప్పుడు జతగానే మార్చు.

అంతా బిగించాక మొదటిసారి బ్లేడ్లు లేకుండా, మోటారు వైర్లు ఊడదీసి ఆన్ చెయ్యి. రిమోట్ స్టిక్ ఎటు కదిపితే స్వాష్‌ప్లేట్ (సర్వోల కదలికని బ్లేడ్లకి అందించే పళ్ళెం) అటే వంగుతోందా, తోక సరైన దిక్కుకే తిరుగుతోందా చూడు. తొందరలో లింకులు తారుమారుగా తగిలించడం మామూలే.

పడింది ఎందుకో కూడా నువ్వు చెప్పిన దాన్నిబట్టి నాకు అర్థమైంది. ముక్కు నీవైపు తిరిగింది, కుడి ఎడమలు మారిపోయాయి, నువ్వు ఇంకా పిచ్ (బ్లేడ్ల కోణం) లాగావు. మిషన్ బాగయ్యే వారం రోజులూ సిమ్యులేటర్ మీద కూర్చో. తోక నీవైపు ఉంచి హోవర్, అంటే గాల్లో ఒకేచోట నిలపడం, అది కుదిరాక పక్కకి తిప్పి. ముక్కు నీవైపు తిప్పడం చివర్లో. దాంతోపాటు ఇంకొకటి నేర్చుకో: అదుపు తప్పిందనిపించగానే మోటారు ఆపేసే థ్రాటిల్ హోల్డ్ స్విచ్ వేసెయ్యడం. వేలు దానంతట అదే పోవాలి. మోటారు ఆగి పడితే చాలాసార్లు బ్లేడ్లతో పోతుంది. తిరుగుతూ పడితే గేరు, షాఫ్టు, ఒక్కోసారి మోటారు వేగాన్ని నడిపే ఈఎస్‌సీ కూడా పోతాయి.

మళ్ళీ లేపేటప్పుడు కింద ట్రైనింగ్ గేర్ కట్టు, ఆ నాలుగు పుల్లలూ బంతులూ. చిన్నతనం అనుకోకు. గాలి లేని పొద్దున్నపూట, నీకు నాలుగైదు మీటర్ల దూరంలో, మోకాలెత్తు దాటకుండా. చేతులు వణుకుతాయి, వణకనీ. ఒక్క బ్యాటరీ అయ్యాక దించెయ్.

ఆదివారం ఆరింటికల్లా గ్రౌండ్‌లో ఉంటాను. స్పిండిల్ దొర్లించి చూశాకే రా.

బాబాయి