ముందు పోర్టుల సంగతి: చిన్నికి పెద్దమ్మ ఉత్తరం

చిన్నీ,

నువ్వు సొంతంగా కంప్యూటర్ బిగించావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. విడిభాగాలన్నీ నువ్వే ఎంచుకుని, ఎవరినీ పిలవకుండా, మొదటిసారికే తెర వెలిగించావట. ఆ సంతోషం నాకు అర నిమిషం కూడా నిలవలేదు. "కానీ కీబోర్డూ మౌసూ మధ్యమధ్యలో చచ్చిపోతున్నాయట, ఆదివారం మళ్ళీ మూత తీస్తుందట" అంది. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు.

మీ అమ్మ పంపిన ఫోటో చూశాను. పెట్టె పక్కన నువ్వు నవ్వుతున్నావు. నేను నీ ముఖం కంటే ముందు తీగలు చూశాను, క్షమించు, పాత అలవాటు. కీబోర్డు తీగ, మౌసు రిసీవరు రెండూ పెట్టె ముందు పోర్టుల్లోనే ఉన్నాయి.

రెండు వస్తువులు ఒకే క్షణంలో పాడవడం అరుదు. రెండూ కలిసి ఆగుతున్నాయంటే వాటికి ఉమ్మడిగా ఉన్నదాన్ని అనుమానించాలి. వెనుక పోర్టులను మదర్‌బోర్డుకే టంకం వేసి బిగిస్తారు. ముందు పోర్టులకు మాత్రం పెట్టెతో వచ్చిన ఒక సన్నని తీగే దిక్కు. దాని చివరి ప్లగ్గును బోర్డు పిన్నులకు తొడిగింది నువ్వే. కాబట్టి మూత జోలికి పోకుండా రెండింటినీ వెనక్కి మార్చి, రెండు రోజులు వాడి చూడు. ఈ మాత్రం దానికి స్క్రూడ్రైవర్ ఎందుకు పట్టుకుంటావే?

వెనుక పెట్టినా ఆగితే, ఆగిన ఆ క్షణంలోనే క్యాప్స్ లాక్ నొక్కు. ఆ దీపాన్ని వెలిగించమని చెప్పేది కంప్యూటర్. నొక్కినప్పుడు దీపం మారితే నీ మాట అవతలికి చేరుతోందన్నమాట. మారకపోతే తెర మీది గడియారం కూడా చూడు. అదీ ఆగిపోయి ఉంటే పాపం కీబోర్డుది కాదు, మొత్తం కంప్యూటరే బిగుసుకుపోయింది.

తర్వాత బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు లేచే బోర్డు సొంత సెట్టింగుల తెరలోకి వెళ్ళి కాసేపు మీటలు నొక్కుతూ కూర్చో. అక్కడ బాగానే ఉండి విండోస్‌లో మాత్రమే ఆగుతుంటే లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉండే అవకాశమే ఎక్కువ. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్ తెరిచి, కరెంటు ఆదా కోసం దాన్ని ఆపడానికి అనుమతించే టిక్కు తీసెయ్యి. పవర్ ఆప్షన్లలో సెలెక్టివ్ సస్పెండ్ (వాడని యూఎస్‌బీ వస్తువును నిద్రపుచ్చేది) అనేది కనిపిస్తే అదీ ఆపు. బోర్డు చిప్పులను విండోస్‌తో మాట్లాడించే చిప్‌సెట్ డ్రైవర్లను తయారీదారు ఇస్తారు, అవి వేసుకో. బయోస్‌లో ఫాస్ట్ బూట్ ముట్టుకున్నావా? ముట్టుకునే ఉంటావు, నాకు తెలుసు. కొన్ని బోర్డులు ఆ తొందరలో విండోస్ వచ్చేదాకా యూఎస్‌బీని నిద్రలేపవు. అలాంటప్పుడు బయోస్‌లోకి వెళ్ళే మీట ఎంత నొక్కినా వినిపించుకోదు. విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే వచ్చే మెనూలో నుంచి బయోస్‌కు దారి ఉంటుంది.

మౌసు ఒక్కటే తడబడుతుంటే అది వేరే జబ్బు. ఫోటోలో దాని రిసీవరుకు ఆనుకుని నీలం పోర్టులో ఏదో డిస్కు ఉంది. నీలం అంటే సాధారణంగా యూఎస్‌బీ 3.0. యూఎస్‌బీ 3.0 పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుంది. చాలా వైర్‌లెస్ మౌసులు మాట్లాడుకునేదీ అక్కడే. ఇంటెల్ సంస్థే 2012లో ఈ సంగతి రాసి పెట్టింది. ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో రిసీవరును దూరంగా జరుపు, చాలు.

ఇంతవరకు చెప్పినవి నువ్వు ఎలాగూ కనుక్కునేదానివే. నా భయం ఆదివారం గురించి. వెనక్కి మార్చి బాగుపడిందనుకో, నువ్వు ఊరుకోవు. ముందువి ఎందుకు పనిచేయవో చూడాలని మూత తీస్తావు. నేనూ తీశాను.

అది 2004. నేను మొదటిసారి సొంతంగా బిగించిన పెట్టె. అర్ధరాత్రి, టార్చిలైటు నోట్లో కరచుకుని పని చేస్తున్నాను. ముందు పోర్టుల తీగ చివర 2 వరుసల చిన్న ప్లగ్గు. బోర్డు అంచున దానికి సరిపోయేలా కనిపించే పిన్నులు రెండు మూడు చోట్ల ఉన్నాయి. ఒకచోట తొడిగాను. కొంచెం కూడా బలం వాడకుండానే చక్కగా కూర్చుంది. సరిగ్గా కూర్చుంది కదా, సరైనదే అయి ఉంటుందనుకున్నాను.

అవి ఫైర్‌వైర్ పిన్నులు, వీడియో కెమెరాల్లాంటివి తగిలించడానికి ఆ రోజుల్లో ఉన్న ఇంకో రకం పోర్టువి. అదే కొలత, ఖాళీగా వదిలిన పిన్ను కూడా అదే మూల. యూఎస్‌బీ 5 వోల్టులతో బతికేది. అక్కడ ఉన్నవి 12. వాటికి యూఎస్‌బీ తీగ తగిలిస్తే బోర్డు పాడవుతుందని మాన్యువల్‌లో గడి కట్టి మరీ హెచ్చరించారు. ఆ పేజీ నేను తర్వాత చదివాను.

మౌసు పెట్టాను, కదలలేదు. అక్కడ ఆగి ఉంటే ఒక్క మౌసుతో పోయేది. మౌసు పాడైందనుకుని కీబోర్డు పెట్టాను. అదీ చచ్చింది. ఏదో వాసన వచ్చింది, కొత్త వస్తువుల వాసనేమో అనుకున్నాను. పోర్టు సంగతి తేల్చుకుందామని బల్ల మీద ఉన్న మీ అమ్మ పెన్‌డ్రైవ్ తీసి పెట్టాను. బయటికి లాగేటప్పుడు వేలు చుర్రుమంది.

అందులో మీ అమ్మ ప్రాజెక్టు రిపోర్టు ఉంది. మరుసటి వారమే ఇవ్వాలి. ఇంకో ప్రతి ఎక్కడా లేదు.

తిట్టి ఉంటే బాగుండేది. మీ అమ్మ ఏమీ అనలేదు. పొద్దున్నే లేచి, చేత్తో రాసుకున్న చిత్తు కాగితాలు వెతికి తెచ్చింది. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ ముందు 4 రాత్రులు కూర్చున్నాం, తను చదువుతుంటే నేను టైపు చేశాను. మూడో రాత్రి ఎందుకో ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నిన్న ఫోనులో నీ కంప్యూటర్ గురించి చెబుతూ మీ అమ్మ ఒక్క క్షణం ఆగింది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు.

ఫైర్‌వైర్ పిన్నులు ఇప్పటి బోర్డుల్లో దాదాపు కనిపించవు. కానీ ముందు వైపు ఆడియో పిన్నులు ఇప్పటికీ ఉన్నాయి, కొలత ఇంచుమించు అదే. యూఎస్‌బీకి లేని పిన్ను చివరి మూలన ఉంటుంది, ఆడియోకు మూల నుంచి ఒకటి ఇవతల. ప్లగ్గు మొండికేస్తే నువ్వు నొక్కకు, బోర్డు మీది అక్షరాలు చదువు. యూఎస్‌బీ 3.0 ప్లగ్గు పెద్దది. దాన్ని అటూ ఇటూ ఊపి లాగితే పిన్నులు వంగుతాయి. నిటారుగా లాగు.

మూత తీసే ముందు వెనుక స్విచ్చి ఆపి, తీగ పూర్తిగా పీకెయ్యి. తర్వాత పవర్ బటను ఒకసారి నొక్కి పట్టుకో. కంప్యూటర్ ఆపినా తీగ ఉన్నంతసేపు బోర్డులో 5 వోల్టులు కాచుకుని కూర్చుంటాయి. ఏది కదిలించినా ముందు ఫోటో తీసుకో. తిరిగి తొడిగాక, పోయినా బాధ లేని పాత మౌసుతో మొదటి పరీక్ష. అది కదలకపోతే ఇంకేదీ పెట్టకు చిన్నీ. రెండోది పెట్టకు.

ఆదివారం మూత తీసేటప్పుడు నాకు వీడియో కాల్ చెయ్యి. నేను ఏమీ మాట్లాడను, ఊరికే చూస్తూ ఉంటాను. మాట్లాడనంటే మీ అమ్మ నమ్మదు, నువ్వూ నమ్మనక్కర్లేదు.

మీ పెద్దమ్మ