గదిలో సగం ఖాళీగా ఉంచు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

మీ బడిలో వాడకుండా పడి ఉన్న గదిని సైన్స్ మ్యూజియంగా మారుస్తున్నానంటూ రాసిన ఉత్తరం, దానితో పంపిన పటం అందాయి. పటం చూసి సంతోషించాను, ఆ వెంటనే కాస్త దిగులూ పడ్డాను. ముప్పై చార్టులు, నాలుగు అద్దాల బీరువాలు, గుమ్మానికి ఎదురుగా థర్మోకోల్ రాకెట్. బిడ్డా, ముప్పై ఏళ్ల కిందట నల్లగొండలో నేను చేసిన తప్పే ఇది.

అప్పుడొక ప్రదర్శనలో ఫ్లోరైడ్ బల్ల నాది, తాగునీళ్లలో ఎక్కువైతే ఎముకలను, పళ్లను పాడుచేసేది అదే. వంకర తిరిగిన కాళ్ల ఫోటోలు, గార పట్టిన పళ్ల ఫోటోలు, నిలువెత్తు చార్టు నిండా వివరణ. జనం వచ్చారు, ఓసారి చూశారు, వెళ్లిపోయారు. అలాంటి కాళ్లు ఇంట్లోనే ఉన్నవాళ్లకు నేను ఫోటో చూపించడమేమిటి? రెండో రోజు అన్నీ తీసేసి రెండు గాజు గ్లాసులు పెట్టాను. ఒకదానిలో మర్రిగూడ వైపు బోరు నీళ్లు, రెండోదానిలో పట్టి ఉంచిన వాన నీళ్లు. ‘ఏవి ఏవో చెప్పండి’ అన్నాను, అంతే. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. జనం పోటీలు పడి పందేలు కాశారు. తర్వాత రెండింటిలోనూ జిర్కోనియం అలిజరిన్ చుక్కలు వేశాను, ఫ్లోరైడ్ తగిలితే రంగు మారే మందు అది. వాన నీళ్లు గులాబీ రంగులోనే నిలిచాయి, బోరు నీళ్లు పసుపుపచ్చకు తిరిగాయి. (ఆ మందులో ఆమ్లం ఉంటుంది, పిల్లల చేతికివ్వకు.)

ఒకావిడ ముందుకొచ్చి, ‘మరి దీన్ని తీసేసేదెలా?’ అని అడిగింది. ఆ ప్రశ్న పుట్టాకే సున్నం, పటిక, బ్లీచింగ్ పొడి బయటికి తీశాను. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించిన ఈ పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు, నల్లగొండ పద్ధతి అని. మందులు కలిపి, నెమ్మదిగా తిప్పి, దూదిపింజల్లాంటి మడ్డి అడుగుకు దిగేదాకా ఆగాలి. అంతసేపూ ఒక్కరూ కదల్లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న లెక్కను అప్పుడు చెబితే చేతి మీద రాసుకున్నవాళ్లున్నారు. ముందు రోజు అదే లెక్క ఎర్ర సిరాతో చార్టు మీద ఉంది.

అందుకే చార్టుల్లో సగానికి పైగా తీసెయ్యి. మిగిలినవాటి మీద ముందు చేయాల్సిన పని, తర్వాత ప్రశ్న, అదీ రెండు వాక్యాల్లో. రాకెట్ మాత్రం ఉండనీ. ఫోటోలు దిగడానికి ఏదో ఒకటి కావాలి కదా.

ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ అనే ఆయన, అణుబాంబు ఓపెన్‌హైమర్‌కు తమ్ముడు, విశ్వవిద్యాలయంలో ఉద్యోగం పోయాక కొలరాడోలో పశువులు పెంచుకుంటూ బతికాడు. ఆ తర్వాత అక్కడే ఒక చిన్న ఊరి హైస్కూల్లో సైన్స్ చెప్పాడు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లోరేటోరియం అనే సైన్స్ మ్యూజియం తెరిచింది ఆయనే. పరికరాలు తయారుచేసే వర్క్‌షాపును అందరికీ కనిపించేలా పెట్టాడు. వచ్చినవాళ్లకు తోడుగా హైస్కూలు పిల్లలను నిలబెట్టాడు. ఈ రెండూ నువ్వు పైసా ఖర్చు లేకుండా చేయగలవు. విరిగిన పరికరాన్ని బీరువాలో దాచకుండా పిల్లల ముందే విప్పు. తోడు నిలబెట్టేందుకు క్లాసులో ఫస్టు వచ్చేవాళ్లను ఎంచకు, వాళ్లు జవాబు చెప్పకుండా ఆగలేరు. సైకిలు చైను తనే ఎక్కించుకునే పిల్లను, మాట తక్కువ పిల్లవాణ్ణి తీసుకో. ‘ఏమవుతుందనుకుంటున్నారు?’ అని అడిగి, మనసులో పది లెక్కపెట్టేదాకా మౌనంగా ఉండటం నేర్పు. ఈ మౌనం నాకు అలవడటానికి ఇరవై ఏళ్లు పట్టింది. మీ బ్యాచ్ నాటికి అలవడలేదని నువ్వు నవ్వుకుంటావని తెలుసు.

నువ్వున్నది పాలమూరులో. ఎక్కడెక్కడి ఆనకట్టలకో మట్టి మోసిన ఊళ్లవి. ఒక బల్ల మీద లెవెల్ పైపు, గోడ నిలువు చూసే తూకం గుండు, రసమట్టం పెట్టి, వారానికోసారి ఒక మేస్త్రీని కూర్చోబెట్టు. పైపు రెండు కొసల్లో నీళ్లు ఒకే ఎత్తున ఎందుకు నిలుస్తాయో నువ్వు చెబుతావు. మధ్యలో గాలి బుడగ చిక్కితే గోడ ఎంత వంకర పోతుందో ఆయన చెబుతాడు. అంగడి రోజు సాయంత్రం గది తెరిచి ఉంచు. కోల్‌కతాలోని బిర్లా మ్యూజియం 1965లోనే ప్రదర్శనను బస్సెక్కించి పల్లెలకు తీసుకెళ్లింది. మనం అంగడి రోజుకు తాళం తీయలేమా?

బడి ఆవరణలో ఒక కడ్డీని నిటారుగా పాతు. ఆగస్టు మొదటి వారంలో ఒకనాడు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, మీ దగ్గర దాని నీడ మాయమవుతుంది. అయితే సరిగ్గా పన్నెండుకు కాదు, 12.24 ప్రాంతంలో. ఆ తేడా ఎందుకని పిల్లలు అడిగేదాకా నువ్వు చెప్పకు. మేలో కూడా అలాంటి రోజొకటి వస్తుంది, కానీ అప్పుడు సెలవులు. ఆగస్టులో మబ్బు పడితే నా పూచీ లేదు.

చలికాలంలో పిల్లలను కృష్ణ ఒడ్డున వేల ఏళ్ల కిందట పాతిన ముడుమాల్ నిలువురాళ్ల దగ్గరికి తీసుకెళ్లు. అక్కడ ఒక రాతి మీది గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయని పరిశోధకులు అంటారు. నువ్వు ఆ మాట ముందుగా అనకు. గుంటలను కాగితం మీద దించుకుని, ఇంటికొచ్చాక ఆకాశంలో వెతుక్కోమను.

పది గజాల లెవెల్ పైపు నా దగ్గర ఉంది, కొనకు. వచ్చే నెల మహబూబ్‌నగర్ వస్తున్నాను, సంచిలో వేసుకొస్తాను.

నీ పాత ఫిజిక్స్ సారు