అక్క ఇంటి ఫోను మార్చే ముందు

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

నల్లగొండ ఇంట్లో ల్యాండ్‌లైన్ తీసేసి, ఫైబర్ నెట్‌తో వచ్చే ఫోను పెట్టిద్దామంటున్నావని అక్క చెప్పింది. పెట్టించు. నా ఉద్యోగమంతా రాగి తీగలకు జాయింట్లు వేయడంతోనే గడిచింది, అయినా వద్దనను. వానాకాలంలో జాయింట్లలోకి నీళ్లు దిగి వచ్చే బరబర చప్పుడు ఫైబర్‌లో ఉండదు. అయితే ఒక్క సంగతి ముందే తెలుసుకో.

పాత ఫోను మన ఇంటి కరెంటు మీద నడవలేదు. ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి 48 వోల్టులు ఆ రెండు తీగల మీదే వచ్చేవి. అందుకే ఊరంతా చీకటైనా ఫోను మోగేది. కొత్త ఫోనును గోడకు బిగించే ఓఎన్‌టీ డబ్బాకు, అంటే ఫైబర్ వచ్చి చేరే పెట్టెకు, తగిలిస్తారు. ఆ డబ్బాకు మన ఇంటి కరెంటే దిక్కు. కరెంటు పోతే నెట్టూ పోతుంది, ఫోనూ పోతుంది. అక్క ఒక్కతే ఉంటుంది, బీపీ మనిషి, మొబైల్ తెర మీద అక్షరాలు ఆనవు. అర్ధరాత్రి 108కి చేయాలన్నా, పక్కింటివాళ్లను పిలవాలన్నా చేతికందేది ఆ రిసీవరే.

ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమాగా ఉండకు. చాలా ఇళ్లలో ఫ్యాన్లకు, లైట్లకే ఇన్వర్టర్ లైను ఇచ్చి ప్లగ్గులు వదిలేస్తారు. డబ్బా పెట్టేచోట సాకెట్‌కు ఆ లైను ఉందో లేదో చూడు. లేకపోతే మినీ యూపీఎస్ కొను, అంటే కరెంటు పోయినా డబ్బాను నడిపే చిన్న బ్యాటరీ పెట్టె. కొనే ముందు డబ్బా అడాప్టర్ మీది సన్నటి అక్షరాలు చదువు. చాలావాటికి 12 వోల్టులని ఉంటుంది, పక్కనే ఆంప్స్ ఉంటాయి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంప్స్ అంతకు తగ్గొద్దు. బిగించాక మెయిన్ ఆపేసి, ఆ ఫోను నుంచే అక్కతో నాకు చేయించు. నేను ఎత్తి మాట్లాడాకే పాత లైను సంగతి ఆలోచించు.

కనెక్షన్ ఇచ్చేవాళ్లను, ఫైబర్ ఇంటి లోపలిదాకా వస్తుందా, లేక సందు చివర ఇళ్లకు నెట్ పంచే స్విచ్ పెట్టె నుంచి లాన్ వైరు (నెట్ మోసే రాగి తీగ) లాగుతారా అని అడుగు. లాన్ వైరైతే ఆ స్విచ్‌కు కరెంటు పోయినప్పుడు మన యూపీఎస్ ఉండీ లాభం లేదు.

నంబరు గురించి. బీఎస్ఎన్ఎల్ రాగి లైనునే ఫైబర్‌కు మార్చుకుంటే మామూలుగా పాత నంబరే ఉంచుకోవచ్చు, ముందు ఆఫీసులో అడిగి ఖాయం చేసుకో. వేరే కంపెనీకి పోతే కొత్త నంబరే. మొబైల్‌కు ఉన్నట్టు ల్యాండ్‌లైన్‌కు పోర్టింగ్ లేదు. 08682తో మొదలయ్యే ఆ నంబరు చుట్టాలందరికీ నోటికొచ్చు. నన్నడిగితే దాన్ని పోనివ్వొద్దు. మార్చక తప్పదంటే గ్యాస్‌కు, బ్యాంకుకు, ఎల్ఐసీకి ఇచ్చిన చోటల్లా ముందే మార్పించు.

అక్క దగ్గరున్న తిప్పే డయల్ ఫోను చాలా డబ్బాలకు పనికిరాదు. మోగుతుంది, మాట్లాడొచ్చు, నంబరు తిప్పితే మాత్రం కాల్ పోదు. పెద్ద బటన్ల ఫోను కొను. అడుగున టోన్, పల్స్ స్విచ్ ఉంటే టోన్ వైపు పెట్టు. పడకగదిలో ఎక్స్‌టెన్షన్ కావాలంటే ఇంట్లో ఉన్న పాత వైరింగే వాడుకోవచ్చు, కానీ బయటి నుంచి వచ్చే పాత లైను రాగి తీగల జతను ముందు ఆ వైరింగ్ నుంచి విడదీయాలి. లేకపోతే ఎక్స్ఛేంజీ వోల్టేజీ తగిలి డబ్బా ఫోను పోర్టు కాలిపోవచ్చు.

ఫైబర్ పోగు గాజుది. తలుపు సందులో నలగనివ్వకు, మేకుకు చుట్టనివ్వకు. మన దగ్గర కోతుల బెడద తెలిసిందే, డాబా మీద వేలాడకుండా గోడవెంట క్లిప్పులు కొట్టించు. డబ్బా మీద ఎల్ఓఎస్ అనేచోట ఎర్ర లైటు వెలిగితే లైను తెగినట్టని అక్కకు చూపించు. ఉరుములప్పుడు అడాప్టర్ ప్లగ్గు తీసేయమను, అంతసేపూ ఫోను పలకదు కాబట్టి మొబైల్ దగ్గర పెట్టుకోమను.

కొత్తది నెలరోజులు నిలకడగా పనిచేశాక, పాత లైను వద్దనుకుంటే ఆఫీసులో రాసిచ్చి రసీదు తీసుకో. డిపాజిట్ కట్టిన కాగితం నాన్న బీరువాలో ఉండాలి. అది వెతికి జత చేస్తే, బాకీలు పోను మిగిలింది వాపసు ఇస్తారు.

మీ మామ