రేస్ ఇస్తే ఆగిపోతోందా? ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: జీడితోటలో గడ్డి కోసే టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్ ఉంది. తాడు లాగితే స్టార్టవుతుంది, నిదానంగా తిరుగుతుంది. రేస్ ఇచ్చామా, ఆగిపోతుంది. కార్బొరేటరు మార్చాలంటున్నారు. - ఒక రైతు, పర్లాకిమిడి

జవాబు: అప్పుడే వద్దు. ముందు చోక్ సగం మూసి రేస్ ఇవ్వండి. అందుకుంటే ఇంజనుకు పెట్రోలు చాలడం లేదన్నమాట. ఇంకా మొరాయిస్తే గాలో పొగో సరిగ్గా ఆడటం లేదు.

పెట్రోలు చాలకపోతే, ట్యాంకులో పైపు కొసనుండే చిన్న ఫిల్టరును వంచిన తీగతో బయటికి లాగండి. నల్లబడి ఉంటే కొత్తది వేయండి, కడిగి వాడాల్సినంత ఖరీదైన సరుకేం కాదు. పైపును వంచి పగుళ్లు చూడండి. పెట్రోలు కారకపోయినా ఆ పగులు గాలి లాగేస్తుంది. ఈ రెండూ బాగుంటేనే కార్బొరేటరు విప్పండి. లోపల పెట్రోలును లాగే పల్చటి పొర, అంటే డయాఫ్రం, మెత్తగా ఉండాలి, అట్టలా బిగుసుకుంటే దాని పని అయిపోయినట్టే. డయాఫ్రం, గాస్కెట్ల కిట్టు విడిగా దొరుకుతుంది.

చోక్‌తో లాభం లేకపోతే ఎయిర్ ఫిల్టర్ స్పాంజిని సబ్బునీళ్లలో ఉతికి బాగా ఆరబెట్టండి. ఆ తర్వాత సైలెన్సరు. చాలా మోడళ్లలో దాని మూతి దగ్గర సన్నటి జల్లెడ ఉంటుంది. అది మసితో పూడితే ఇంజను మీరు చెప్పినట్టే చేస్తుంది. వైరు బ్రష్షుతో రుద్ది మళ్లీ బిగించండి. తీసి పారేసేవాళ్లూ ఉన్నారు గానీ, ఎండుటాకుల మీద నిప్పురవ్వలు పడకుండా ఆపేది అదే.

కార్బొరేటరు మీద హెచ్ అని రాసి ఉన్న స్క్రూ జోలికి మాత్రం పోకండి. బిగిస్తే కాసేపు చురుగ్గానే పరిగెడుతుంది. పెట్రోలుతో పాటు అందులోని ఆయిలూ తగ్గి, పిస్టన్ పట్టేస్తుంది.

ప్రశ్న: మిరపకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్ పది నిమిషాలు నడిచి ఆగుతుంది. అరగంట చల్లారితే మళ్లీ నడుస్తుంది. - సిరొంచ

జవాబు: ఆగీ ఆగగానే పెట్రోలు ట్యాంకు మూత వదులు చేయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి వెంటనే స్టార్టయితే, మూతలోని గాలిరంధ్రం పూడింది. మూత మారిస్తే సరి. అలా కాకపోతే వేడి మీదే ప్లగ్గు విప్పండి. చిందిన పెట్రోలు తుడిచి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా దాన్ని ఇంజను లోహానికి ఆనించి తాడు లాగండి. కొత్త ప్లగ్గుతోనూ రవ్వ రాకపోతే ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్ పోయినట్టు. చల్లారాక చూస్తే రవ్వ బాగానే వస్తుంది, అక్కడే చాలామంది మోసపోతారు. కొత్త కాయిల్‌కూ ఫ్లైవీల్ అయస్కాంతానికీ మధ్య సందు సుమారు 0.3 మిల్లీమీటర్లు, ప్లగ్గు సందు 0.6 నుంచి 0.7.

ప్రశ్న: లీటరు పెట్రోలుకు ఆయిల్ 20 మిల్లీలీటర్లా, 40 మిల్లీలీటర్లా? - గుణుపురం

జవాబు: మిషను పుస్తకంలో 50:1 అని ఉంటే 20, 25:1 అని ఉంటే 40. టూ స్ట్రోక్ ఆయిలే వాడండి, వేరే డబ్బాలో కలిపి, ఊపి పోయండి. కలిపింది నెల దాటనివ్వకండి. ఇంజనుకు ఆయిల్ పోసే మూత విడిగా ఉంటే అది ఫోర్ స్ట్రోక్, పెట్రోలులో ఏమీ కలపకూడదు.